అంటుకోని షీటు: తాండ్ర చాప నుంచి క్రాఫ్టు గది దాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ వృత్తిలోంచి మనవాళ్లకి పనికొచ్చేది ఏదైనా ఒక పావుగంట చెప్పవయ్యా" అన్నారు కార్యదర్శి గారు. నా వృత్తి ఏమిటో చెబితే మీకు నవ్వొస్తుంది. ముప్పై ఏళ్లుగా నేను జీతం తీసుకుంటున్నది ఒక వస్తువు ఇంకో వస్తువుకి అంటుకోకుండా చూస్తున్నందుకు. బేకరీ ట్రేలు, ఫ్యాక్టరీల్లో తిరిగే బెల్టులు, ప్లాస్టిక్ కవర్లకి వేడి అతుకు వేసే మిషన్లు, వీటన్నిటికీ అంటుకోని పూత కావాలి. కిరాణా కొట్టులో కవరుకి సీలు వేసే చిన్న మిషను మీద గోధుమరంగులో గుడ్డలాంటి పట్టీ ఒకటి ఉంటుంది, చూశారా? అదే నా వృత్తి. ఆ పట్టీ లేకపోతే కరిగిన ప్లాస్టిక్ మిషనుకే అతుక్కుని ఊరుకుంటుంది.

ఇదేదో విదేశాల నుంచి దిగిన విద్య అనుకోకండి. మన గోదావరి వంటిళ్లలో ఇది ఎప్పటినుంచో ఉంది. పనసకాయ కోసే ముందు చేతికీ కత్తిపీటకీ నూనె రాసుకుంటాం. బొబ్బట్టుని నూనె రాసిన అరటాకు మీద వత్తి పెనం మీదకి జారవిడుస్తాం. అరిసెలూ అంతే. అనకాపల్లి వైపు ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాళ్లు ఇంకా గొప్ప పని చేస్తారు. తిరుగుతున్న కొయ్యబొమ్మకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. ఆ లక్కని సమంగా పరిచి మెరుగు తేవడానికి మొగలి ఆకుతో నొక్కి పడతారు. కరిగిన లక్క కొయ్యకి అంటుతుంది గానీ ఆకుకి అంటదు. ఆ ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇంతకీ ఒక వస్తువు ఎందుకు అంటుకుంటుంది? మన సైన్సు మాస్టారు తలతన్యత పాఠం చెప్పినప్పుడు తామరాకు మీద నీటిబొట్టు చూపించేవారు. జవాబు సగం అక్కడే ఉంది. జిగురుపదార్థం ఏదైనా అంటుకోవాలంటే ముందు ఆ తలాన్ని తడపాలి, అంటే దాని మీద పరుచుకోవాలి. నీటి తలతన్యత గది వేడి దగ్గర మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. గాజు, లోహం వంటి తలాలకి ఉపరితల శక్తి దానికి ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి శుభ్రమైన గాజు మీద నీరు పరుచుకుంటుంది. టెఫ్లాన్‌కి అదే కొలతలో 20కి లోపే. అందుకే దాని మీద నీరు గుండ్రంగా నిలబడుతుంది. తడపలేనిది పట్టుకోలేదు.

తామరాకు విషయంలో ఇంకో రహస్యం ఉంది. మైనంతో పాటు ఆకు మీద కంటికి కనబడని బుడిపెలుంటాయి. నీటిబొట్టు వాటి కొసల మీద నిలబడి, కింద గాలి ఉండటంతో దొర్లిపోతుంది, దుమ్ముని కూడా పట్టుకుపోతుంది. జర్మనీ వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ బార్త్‌లాట్ మైక్రోస్కోపు కింద ఆకుల్ని పరిశీలించి, 1997లో దీన్ని వివరంగా ప్రచురించాడు.

అంటుకోవడంలో మిగతా సగం గరుకుతనం. తలంలో సందులుంటే తడిపదార్థం అందులోకి దిగి, అక్కడే ఎండి, కొక్కెం వేసుకున్నట్టు బిగుసుకుంటుంది. రసాయనంగా అంటకపోయినా యాంత్రికంగా చిక్కుకుంటుంది. ఈ రెండో సగం గుర్తుపెట్టుకోండి, తాండ్ర దగ్గర పనికొస్తుంది.

టెఫ్లాన్ పుట్టుక కథ పిల్లలకి తప్పకుండా చెప్పాలి. 1938 ఏప్రిల్ 6. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అనే 27 ఏళ్ల రసాయన శాస్త్రవేత్త, రిఫ్రిజిరేటర్లకి వాడే కొత్త వాయువు కోసం పనిచేస్తున్నాడు. టెట్రాఫ్లోరోఇథిలీన్ వాయువు నింపిన సిలిండరు తిప్పితే ఏమీ రాలేదు. అయిపోయిందనుకుని పక్కన పడేయొచ్చు. ఆయన తూచాడు. బరువు తగ్గలేదు! సిలిండరు కోసి చూస్తే లోపల తెల్లటి జారుడు పొడి. వాయువు అణువులన్నీ గొలుసు కట్టి ఘనపదార్థమైపోయాయి. తరవాత తేలిందేమిటంటే ఆ పొడి ఆమ్లాలకి లొంగదు, 260 డిగ్రీల సెల్సియస్ వరకూ పాడవదు, దేన్నీ అంటనివ్వదు. తక్కెడ వాడిన అలవాటే ఆ రోజు ఆయన చేత ఆ పదార్థాన్ని కనిపెట్టించింది.

మరి దేన్నీ అంటనివ్వని దాన్ని పెనానికి ఎలా అంటించారు? ఇక్కడ మన యానాం వాళ్లకి ఒక ముచ్చట. 1954 జూన్ 13న మన ఊరు ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అదే సంవత్సరం ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజనీరు, చేపలు పట్టే సామగ్రి కోసం టెఫ్లాన్‌తో కుస్తీ పడుతున్నాడు. ఆయన భార్య కొలెట్, ఆ పూతేదో నా పెనానికి వేసి పెట్టకూడదా అని అడిగింది. అల్యూమినియాన్ని ఆమ్లంతో గరుకు చేసి, ఆ సందుల్లోకి టెఫ్లాన్ దించి, వేడి చేసి బిగించడం ఆయన పద్ధతి. ఇందాక చెప్పిన కొక్కెం సూత్రమే. 1956లో టెఫాల్ కంపెనీ పుట్టింది.

పదేపదే వాడుకునే షీటుది కూడా ఇలాంటి ఉపాయమే. సన్నటి గాజునూలుతో నేసిన గుడ్డని టెఫ్లాన్ ద్రావకంలో ముంచి, 327 డిగ్రీలు దాటించి కరిగించి ఒకటి చేస్తారు. గాజునూలు బలమిస్తుంది, టెఫ్లాన్ జారుడునిస్తుంది. చుట్ట చుట్టి సంచిలో పెట్టుకోవచ్చు. ఇక రెండో జాతి సిలికాన్. మీ ఇంట్లో బొట్టుబిళ్లల అట్ట ఉంటుంది చూడండి, బిళ్ల వెనక జిగురున్నా అట్ట మీద నుంచి హాయిగా ఊడొస్తుంది. ఆ అట్ట మీద ఉన్నది పలచటి సిలికాన్ పూతే. బేకింగు పేపరు మీద ఉన్నదీ అదే, కాకపోతే కాగితం కొన్నిసార్లకే పనికొస్తుంది. మందంగా రబ్బరు షీటులా వచ్చే సిలికాన్ మాత్రం ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

మన బ్యాచ్ మిత్రురాలు ఒకావిడ ఎదుర్లంక వంతెన అవతల, కోనసీమలో కాపురం. వేసవిలో మరికొందరు ఆడవాళ్లతో కలిసి మామిడి తాండ్ర పెడుతుంది. ఆవిడ పేరు సభలో చెప్పొద్దంది, చెప్పను. తాండ్ర పెట్టడం మీకు తెలిసిందే. పండ్ల రసం తీసి, పంచదారో బెల్లమో కలిపి, చాప మీద పలచగా పోసి ఎండబెట్టి, ఆరాక మీద ఇంకో వరస, ఆ మీద ఇంకోటి. మందం తాండ్ర కావాలంటే రోజుల తరబడి ఎండ కావాలి. ఒక్క వాన పడిందంటే పెట్టుబడి నీళ్లపాలు.

రెండేళ్ల కిందట ఒక కొనుగోలుదారు ఆవిడ సరుకు వెనక్కి పంపాడు. కారణం, తాండ్ర అడుగున చాప పీచు. మొదటి వరస తడిగా ఉన్నప్పుడు రసం చాప అల్లికలోకి దిగుతుంది, ఎండాక ఊడదీస్తే పీచు తాండ్రతో వచ్చేస్తుంది. ఊళ్లో తినేవాళ్లు ఆ పీచు తీసేసి తింటారు, పెద్ద దుకాణాల వాళ్లు ఒప్పుకోరు. ఆ వేసవి సంపాదన అంతా ఆ సరుకులోనే ఉంది. ఆవిడతో పనిచేసే వాళ్లలో ఇద్దరు పిల్లల ఫీజుల కోసం ఆ డబ్బు మీదే ఆధారపడ్డారు. నాకు ఫోను చేసి, "నీ చదువుకి ఇదో పరీక్షయ్యా, మా తాండ్ర అంటుకోకుండా చూడు" అంది.

నేను వెళ్లేసరికి పక్క పాకల్లో అప్పటికే ఒక పరిష్కారం దొరికిందనుకుని వాడేస్తున్నారు. పాత ఫ్లెక్సీలు. ఎన్నికలకీ, పుట్టినరోజులకీ కట్టినవి. నున్నగా ఉంటాయి, ఉచితంగా దొరుకుతాయి, తాండ్ర చక్కగా ఊడొస్తుంది. దీని గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను, దయచేసి మీ ఊళ్లలో కూడా చెప్పండి. ఫ్లెక్సీ అంటే పీవీసీ. అది మెత్తగా ఉండటానికి ప్లాస్టిసైజర్లు కలుపుతారు, మీద అచ్చురంగులుంటాయి. ఏదీ తిండి కోసం చేసినది కాదు. మామిడి రసం పులుపు, మీద వేసవి ఎండ, రోజుల తరబడి ఆనిక. అందులోవి రసంలోకి దిగడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. అంటుకోదు కదా అని ప్రతి నున్నటి వస్తువూ తిండికి పనికిరాదు. వడియాలు, మిరపకాయలు, అప్పడాలు ఎండబెట్టేవాళ్లకీ ఇదే మాట.

మేము టెఫ్లాన్ పూత ఉన్న గాజుగుడ్డ షీట్లు కొన్ని, సిలికాన్ షీట్లు కొన్ని తెచ్చి పక్కపక్కన పరిచాం. రెండిటి మీదా తాండ్ర పీచు లేకుండా ఊడొచ్చింది. కానీ రెండో రోజే ఆవిడ ఒక లోపం పట్టుకుంది. "పైన ఆరింది, అడుగు చెమ్మగానే ఉంది" అంది. నిజమే. చాపకి సందులున్నాయి కాబట్టి కింద నుంచి కూడా చెమ్మ పోతుంది. షీటుకి సందులు లేవు. అంటే పీచు ఇచ్చిన ఆ సందులే తాండ్రని ఆరబెడుతున్నాయి కూడా. తరతరాలుగా చాప నిలబడింది ఊరికే కాదు.

దీనికి దారి కూడా ఆవిడే చూపించింది. మొదటి వరస మాత్రం షీటు మీద పోశారు. పైన చర్మం కట్టి చేతికి అంటకుండా అయ్యాక ఊడదీసి, తిరగేసి, చాప మీద వేశారు. ఇప్పుడు చాపకి తగిలేది ఎండిన ముఖం. అది అల్లికలోకి దిగదు, పీచు పట్టదు. చెమ్మగా ఉన్న అడుగు పైకొచ్చి ఎండ తగిలింది, కింద నుంచి గాలి కూడా ఆడింది. ఆ తరవాతి వరసలన్నీ అంచు దాటి చాప మీదకి కారకుండా దాని మీదే పోశారు. తడి ఘడియకి షీటు, పొడి ఘడియకి చాప. ఇందులో నా ఇంజనీరింగు సగమే.

అమెరికాలో ఇదే సమస్యకి వేరే దారి తొక్కారు. పలచటి పాలియెస్టర్ పొర మీద పండ్ల గుజ్జు పరిచి, ఆ పొరని 95 డిగ్రీల ప్రాంతంలో ఉన్న వేడినీటి మీద తేలిస్తే, నీటి వేడి పొరలోంచి గుజ్జులోకి పోయి నిమిషాల్లో ఆరుతుంది. రిఫ్రాక్టెన్స్ విండో అంటారు, 1986లో పేటెంటు పొందింది. వానొచ్చినా ఆగదు. మన పాలిటెక్నిక్ పిల్లలు ఎవరైనా చిన్న నమూనా చేస్తే చూడాలని నాకు ఆశ.

కొనేటప్పుడు ఏం అడగాలో చెబుతాను. "ఫుడ్ గ్రేడ్" అని అట్ట మీద రాసుంటే సరిపోదు. మన దేశంలో ఆహారం తగిలే ప్లాస్టిక్కులకి 2018 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్యాకేజింగ్ నిబంధనలున్నాయి. ఐఎస్ 9845 ప్రకారం పరీక్ష చేసి, పదార్థంలోంచి ఆహారంలోకి దిగేది చదరపు డెసిమీటరుకి 10 మిల్లీగ్రాములు మించకూడదు. చదరపు డెసిమీటరంటే పది సెంటీమీటర్ల చదరం, మీ అరచెయ్యంత. ఆ రిపోర్టు కాగితం చూపించమని అడగండి. చూపించలేని వాడి దగ్గర కొనకండి.

రెండో ప్రశ్న, తయారీలో పీఎఫ్ఓఏ వాడారా అని. టెఫ్లాన్ తయారీలో సహాయకంగా దశాబ్దాల పాటు వాడిన రసాయనమది. అమెరికాలో ఒహాయో నది ఒడ్డున పార్కర్స్‌బర్గ్ ప్రాంతంలో అది తాగునీటిలో కలిసి పెద్ద వ్యాజ్యమైంది. 2006లో అక్కడి పర్యావరణ సంస్థతో ఎనిమిది కంపెనీలు ఒప్పుకుని, 2015 నాటికి దాన్ని మానుకున్నాయి. 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేరింది. గోదావరి నీళ్లు తాగి బతికే డెల్టా వాళ్లం మనం. నది ఒడ్డున ఏది తయారైనా చివరికి ఎవరి బిందెలోకి వస్తుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే నా సలహా, సరిపోయే చోట సిలికాన్ వాడండి. ఎండకి ఆరే తాండ్రకి 260 డిగ్రీలు తట్టుకునే షీటు అవసరమే లేదు. సిలికాన్ బరువు కాబట్టి గాలికి లేవదు. దుమ్ము పట్టుకుంటుంది, అంతకు ముందరి వాసన కాస్త నిలుపుకుంటుంది, అది దాని లోపం. వేడి పాకం, కాచిన బెల్లం పోసే చోట, వేడి ఇస్త్రీ ఆనే చోట టెఫ్లాన్ షీటు తీసుకోండి. దేన్నయినా గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డతోనే కడగాలి. ఇనప పీచుతో తోమకూడదు. దాని మీద కత్తి పెట్టి కోయకూడదు, కోస్తే గాజునూలు బయటపడుతుంది. మడవకుండా చుట్ట చుట్టాలి. నేత కనపడేలా అరిగిందంటే తిండి పనికి సెలవు. పాతదైందని పొయ్యిలో మాత్రం వేయకండి, ఆ పొగ ప్రమాదం. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్దమంట మీద వదలొద్దనేది కూడా అందుకే. అలా కాగిన పెనం పొగకి పంజరంలో పిట్టలు చచ్చిపోతాయి.

ఇంత చెప్పాక ఒకరు అడిగారు, మరి పూతరేకుల కుండకి టెఫ్లాన్ పూత వేస్తే ఇంకా సుళువు కదా అని. మంచి ప్రశ్న. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డని కుండ మీద పరిచి లాగుతారు. క్షణంలో రేకు తయారు. కుండకి ముందే నూనె పట్టించి పదును చేసి పెట్టుకుంటారు. మన ఇనప పెనం మీద ఏళ్ల నూనె కాలి కాలి నల్లగా పొర కట్టినట్టే. ఆ కుండ జావని ముందు పట్టుకుంటుంది, ఆరగానే వదిలేస్తుంది. టెఫ్లాన్ అయితే అసలు పట్టుకోదు. జావ బొట్లుబొట్లుగా చీలిపోయి రేకు బదులు చిల్లుల వల వస్తుంది. ఒక్క క్షణం అంటుకోవాలి, మరుక్షణం వదలాలి. ఆ కొలత ఆ ఊరి ఆడవాళ్ల చేతికి తెలుసు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది ఆ చేతులకి వచ్చిన గుర్తింపే.

చివరగా సంఘానికి రెండు విన్నపాలు.

మొదటిది మన బడి క్రాఫ్టు గది గురించి. పిల్లలు ఇప్పుడు గ్లూగన్, రెసిన్, బంకమట్టి అన్నీ వాడుతున్నారు. కొండపల్లి బొమ్మలాట్ల చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి బొమ్మలు అద్దుతున్నారు. కింద పేపరు పరిస్తే పేపరు బొమ్మకి అతుక్కుని వస్తోంది, బల్లలు పాడవుతున్నాయి. బల్లకో సిలికాన్ షీటు ఇద్దాం. ఆ ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. ఒకటే షరతు, రెసిన్ తగిలిన షీటు మళ్లీ తిండి దగ్గరికి రాకూడదు. దాని మూల మీద ఎర్రరంగు గుర్తు వేయాలి. సైన్సు మాస్టార్లు వాటి మీద ఒక చుక్క నీరు వేయించి, అరటాకు, తామరాకు, గాజు, మైనపు కాగితం పక్కన పెట్టి స్పర్శకోణం కొలిపించండి. సెల్‌ఫోను ఫొటో, కోణమానిని చాలు.

రెండోది తాండ్ర పెట్టేవాళ్ల గురించి. మా మిత్రురాలి తాండ్ర ఈ వేసవి వెనక్కి రాలేదు. కానీ ఆ పక్క పాకల్లో ఫ్లెక్సీలు ఇంకా ఉన్నాయి. వాళ్లకి తెలివి లేక కాదు. షీటు కొనడానికి ముందుగా పెట్టే డబ్బు లేక, పరీక్ష రిపోర్టు చదివి చెప్పే మనిషి లేక. డబ్బు అప్పుగా ఇచ్చి పంట చేతికొచ్చాక తీసుకోవచ్చు. రిపోర్టు చదివే మనుషులు ఈ హాల్లో కనీసం ఇరవై మంది ఉన్నారు. వచ్చే మామిడి కాపుకి ముందే సంఘం ఒక చిన్న కమిటీ వేస్తే, మొదటి పేరు నాది రాసుకోండి.

 మా మిత్రురాలు ఇచ్చి పంపిన తాండ్ర భోజనాల దగ్గర పెట్టారు. పీచు ఉందేమో మీరే చూడండి.